ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో డిజైన్ నిర్ణయాన్ని నలుగురికీ వివరించడం ఎలా?

బెంగళూరులో తెలుగు కాంట్రిబ్యూటర్లు కలిసినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తూనే ఉంది. "కోడ్ సరిగ్గానే ఉంది, టెస్టులన్నీ పాసయ్యాయి, అయినా మెర్జ్ చేసిన (ప్రధాన కోడ్‌లో కలిపిన) మర్నాడే గొడవ మొదలైంది. తేడా ఎక్కడొచ్చింది?" చాలాసార్లు తేడా కోడ్‌లో ఉండదు. ఆ మార్పు వల్ల ఎవరికి ఏం పోతుందో ముందే చెప్పకపోవడంలో ఉంటుంది.

"కుదరదు" అంటే జనం సర్దుకుంటారు. తమ ఇబ్బంది అసలు ఎవరి లెక్కలోనూ లేదని తెలిస్తే మాత్రం ఊరుకోరు. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రతి మెట్టులోనూ లాభం కన్నా నష్టం గురించే ఎక్కువ మాట్లాడతాను.

చెప్పేది గాల్లో తేలకుండా ఒక ప్రాజెక్టును ఊహించుకుందాం. అది ఓపెన్ సోర్స్ తెలుగు నిఘంటువు యాప్. మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లు, నలుగురు: ఇద్దరు మారతహళ్లి వైపు, ఒకరు ఎలక్ట్రానిక్ సిటీలో, ఒకరు డల్లాస్‌లో. వాడేవాళ్లు టీచర్లు, విద్యార్థులు, ప్రూఫ్ రీడర్లు, డీటీపీ ఆపరేటర్లు.

తేల్చాల్సిన విషయం వెతుకులాట గురించి. 'రాజ్‌కుమార్' అని రాసేటప్పుడు జకారం కింద క వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో దాని సంఖ్య 200సి, పొట్టిగా జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే అదే పేరు 'రాజ్కుమార్' అని పడుతుంది. యాప్‌లో ఒక రూపం టైప్ చేస్తే రెండోది దొరకడం లేదు. ఇకపై వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకూడదని జట్టు అనుకుంటోంది.

1. ముందు తేల్చుకోండి: దీనికి వివరణ అవసరమా?

ప్రతి కమిట్‌కూ (కోడ్‌లో చేసే ప్రతి చిన్న మార్పుకూ) పత్రం రాస్తూ కూర్చుంటే ప్రాజెక్టు కదలదు. బటన్ రంగు మారిస్తే పుల్ రిక్వెస్టులో (మార్పును కలపమని పంపే అభ్యర్థనలో) రెండు వాక్యాలు చాలు. కింది ప్రశ్నల్లో ఒక్కదానికైనా "అవును" అని జవాబొస్తే మాత్రం కూర్చుని రాయాల్సిందే.

- ఒకసారి చేశాక వెనక్కి తీసుకోవడం కష్టమా? ఫైల్ ఫార్మాట్, డేటాబేస్ అమరిక, బయటి ప్రోగ్రాములు పిలిచే ఫంక్షన్ల పేర్లు ఈ కోవలోకి వస్తాయి.
- డిఫాల్ట్ (ఎవరూ మార్చకపోతే ఉండే అమరిక) మారుతోందా?
- ఎవరిదైనా రోజువారీ పని పద్ధతి మారుతుందా?
- వాడేవాళ్ల నుంచి ఏదైనా సమాచారం సేకరిస్తున్నామా?
- ఇదే విషయం మీద ఇంతకుముందు ఒకసారి వాదన జరిగిందా?

డిఫాల్ట్ విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2023 ఫిబ్రవరిలో గో అనే ప్రోగ్రామింగ్ భాష జట్టు నుంచి రస్ కాక్స్ ఆ భాష టూల్‌చెయిన్‌లో (సాధనాల్లో) టెలిమెట్రీ, అంటే వాడకం వివరాలు సేకరించి పంపే ఏర్పాటు, పెడదామని ప్రతిపాదించారు. ఏం సేకరిస్తారు, ఎంత తక్కువ సేకరిస్తారు, అది అందరికీ ఎలా కనిపిస్తుంది అన్నవన్నీ వివరంగానే రాశారు. అయినా వాదనంతా ఒక్క చోటే తిరిగింది. వద్దనుకున్నవాళ్లు ఆపుకోవాలా, కావాలనుకున్నవాళ్లు పెట్టుకోవాలా? అదే నెలలో ప్రతిపాదనను రెండో పద్ధతికి మార్చారు. 2024 ఆగస్టులో వచ్చిన గో 1.23లో అది అలాగే, అడిగితేనే పంపే పద్ధతిలో వచ్చింది.

మన నిఘంటువు విషయానికొస్తే డిఫాల్ట్ మారుతోంది, ప్రూఫ్ రీడర్ల పని పద్ధతీ మారుతోంది. రెండు "అవును"లు వచ్చాయి కాబట్టి రాయాలి.

2. రాయడానికి కూర్చునే ముందు పోగుచేసుకోవాల్సినవి

చాలామంది ఎడిటర్ తెరిచి నేరుగా పరిష్కారం రాయడం మొదలుపెడతారు. పత్రంలో పస లేకుండా పోయేది అక్కడే. ముందు ఒక కాగితం మీద ఈ మార్పు తగిలే మనుషుల జాబితా రాయండి. "వినియోగదారులు" అని ఒక్క మాటలో తేల్చేయొద్దు. ఒక్కో రకం మనిషి పక్కన రెండు వాక్యాలు రాయండి: ఇవాళ అతను ఏం చేస్తున్నాడు, మార్పు వచ్చాక ఏం చేయాల్సి వస్తుంది.

నిఘంటువుకు ఆ జాబితా ఇలా వస్తుంది. విద్యార్థి ఫోన్‌లో టైప్ చేస్తాడు, ఆ గుర్తు ఒకటుందనే అతనికి తెలియదు. అతనికి లాభమే తప్ప నష్టం లేదు. టీచర్‌దీ దాదాపు అదే కథ. ప్రూఫ్ రీడర్ సంగతి వేరు. ఆమె కావాలనే 'రాజ్కుమార్' అని వెతుకుతుంది, ఎందుకంటే ఆమె పనే ఆ తప్పు రూపాన్ని పట్టుకుని దిద్దడం. రేపటి నుంచి ఆమెకు తప్పూ ఒప్పూ కలిసి ఒకే జాబితాలో వస్తాయి. ఇక మన లైబ్రరీని తన ప్రోగ్రాంలో వాడుకుంటున్న డెవలపర్ ఉన్నాడు. ఫలితాల సంఖ్య మారి అతని టెస్టులు ఫెయిలవుతాయి.

జాబితా పూర్తయ్యాక ఎక్కువ నష్టపోయే ఇద్దరు ముగ్గురితో ముసాయిదా రాయకముందే మాట్లాడండి. ఒప్పించడానికి కాదు, వాళ్ల పని ఎలా జరుగుతుందో వినడానికి. "ఇలా అనుకుంటున్నామండీ, మీ పనికి ఎక్కడ అడ్డం వస్తుంది?" అని అడగండి చాలు. ఆ అరగంటలో తెలిసేది తర్వాత వందల వ్యాఖ్యల్లో కూడా తెలియకపోవచ్చు.

ఇంకా చేతిలో ఉండాల్సినవి:

- సమస్యను చూపించే అసలైన ఉదాహరణలు నాలుగైదు, పాత ఇష్యూల (ప్రాజెక్టులో నమోదైన ఫిర్యాదులు, సూచనల) నుంచి తీసినవి. మీరు కల్పించినవి వద్దు.
- ఇదే విషయం మీద మూసేసిన పాత ఇష్యూలు, అప్పట్లో ఎందుకు మూశారో ఒక వాక్యం.
- మీరు ప్రయత్నించి వదిలేసిన కోడ్ బ్రాంచులు ఉంటే వాటి లింకులు.
- చివరి మాట ఎవరిదో, వాళ్ల పేర్లు. ఇది తేలకుండా ముందుకు వెళ్లొద్దు.

3. ముసాయిదా: ఏది ముందు, ఏది తర్వాత

కొత్త ఫార్మాట్ కనిపెట్టే పని పెట్టుకోవద్దు. మైకేల్ నైగార్డ్ 2011లో సూచించిన ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డులో శీర్షిక, స్థితి, సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు అని ఐదే భాగాలుంటాయి. చిన్న ప్రాజెక్టులకు అది సరిపోతుంది. పెద్ద మార్పులకు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌ఎఫ్‌సీ (అందరి అభిప్రాయం కోరుతూ పెట్టే ప్రతిపాదన పత్రం) మూస బాగుంటుంది. అందులో లోపాలకు, ప్రత్యామ్నాయాలకు, ఇంకా తేలని ప్రశ్నలకు విడివిడిగా చోటు ఉంది.

ఏ మూస వాడినా వరుస మాత్రం ఇలా ఉంచండి.

సమస్య. పరిష్కారం ఊసు లేకుండా చెప్పాలి. మీ సమస్యను చదివినవాడు "అవును, ఇది నాకూ తగిలింది" అనాలి. అలా అనకపోతే మిగతా పత్రం ఎంత గొప్పగా ఉన్నా లాభం లేదు. 2019లో గో భాషలో ఎర్రర్ల కోసం 'ట్రై' అనే కొత్త ఫంక్షన్ ప్రతిపాదించి, ఆ జులైలోనే వెనక్కి తీసుకున్నారు. అసలు ఇది పరిష్కరించాల్సినంత సమస్యే కాదని చాలామంది వాదించారు. ఆ మాట తమకు స్పష్టంగా వినపడిందని జట్టే చెప్పింది. పరిష్కారం ఎంత పదునుగా ఉన్నా సమస్య దగ్గరే ఒప్పుకోలు రాకపోతే అంతే.

నిర్ణయం, ఒక్క వాక్యంలో. రెండు వాక్యాలు అవసరమైతే అవి రెండు నిర్ణయాలేమో చూసుకోండి, విడగొట్టండి.

ఎవరికి ఏం పోతుంది. ఇది మూడో చోటే రావాలి, చివర్లో కాదు. చదివేవాళ్లలో సగం మంది ఇక్కడి దాకానే చదువుతారు.

వద్దనుకున్న దారులు. దీని గురించి కింద విడిగా చెబుతాను.

మేం చేయనివి. కుబర్నెటీస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఈ శీర్షిక తప్పకుండా ఉంటుంది, చాలా పనికొస్తుంది. మన ఉదాహరణలో "మీరు రాసిన పాఠంలోంచి ఏ అక్షరమూ తీసేయం" అన్న ఒక్క వాక్యం సగం భయాన్ని పోగొడుతుంది.

ఎప్పుడు మళ్లీ చూస్తాం. ఏం జరిగితే ఈ నిర్ణయాన్ని తిరగదోడతారో రాయండి. "అవసరమైతే" అని రాస్తే ఏమీ రాయనట్టే.

అన్నీ కలిపితే మన నిఘంటువు ముసాయిదా ఇలా ఉంటుంది (వద్దనుకున్న దారులు ఐదో మెట్టులో వస్తాయి):

> సమస్య: 'రాజ్‌కుమార్' అని వెతికితే 'రాజ్కుమార్' అని చేరిన పదాలు దొరకడం లేదు, అటు నుంచి ఇటు కూడా అంతే. మధ్యలో ఉన్న గుర్తు కంటికి కనపడదు కాబట్టి ఎందుకు దొరకలేదో వెతికినవాళ్లకు అర్థం కాదు, పదమే లేదనుకుంటారు.
>
> నిర్ణయం: వెతికేటప్పుడు జడ్‌డబ్ల్యూఎన్‌జేను లెక్కలోకి తీసుకోం.
>
> ఎవరికి ఇబ్బంది: రెండు రూపాలనూ వేరుచేసి వెతికే ప్రూఫ్ రీడర్లకు ఇకపై అవి కలిసి వస్తాయి. వాళ్ల కోసం 'అచ్చంగా ఇదే' అనే మీట పెడుతున్నాం, కానీ ప్రతిసారీ అది నొక్కాలి. లైబ్రరీని వాడే ప్రోగ్రాముల్లో ఫలితాల సంఖ్య పెరగవచ్చు. అప్‌డేట్ అయ్యాక ఇండెక్స్‌ను (వెతకడానికి వాడే పదాల పట్టికను) ఒకసారి మళ్లీ కట్టాలి, పెద్ద నిఘంటువులున్న ఫోన్లలో అప్పుడు కాస్త ఆగాల్సి వస్తుంది.
>
> చేయనివి: దాచిన పదాల రాతను మార్చం. ఏ రూపం సరైనదో ఈ మార్పు తేల్చదు.
>
> మళ్లీ చూసేది: ఈ గుర్తు ఉండటం, లేకపోవడం వల్ల అర్థమే మారే తెలుగు పదాల జతలు ఎవరైనా చూపిస్తే.

ఇంతే. ఫోన్ తెరమీద రెండు మూడు సార్లు పైకి జరిపితే అయిపోవాలి. అంతకు మించిన సాంకేతిక వివరం ఉంటే కింద అనుబంధంగా పెట్టండి.

4. నష్టాన్ని ఎలా రాయాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుదాం.

"కొందరు వినియోగదారులకు స్వల్ప ప్రభావం ఉండవచ్చు" అన్న వాక్యం నీళ్లు నమలడమే. కొందరంటే ఎవరు? స్వల్పం అని తేల్చింది ఎవరు? నష్టపోయేవాడు ఆ వాక్యంలో తనను తాను గుర్తుపట్టలేడు. రేపు రిలీజ్ వచ్చాక మాత్రం గుర్తుపడతాడు, అప్పుడు "మాకు చెప్పలేదు" అంటాడు. ఆ మాట నిజమే కూడా.

మనిషిని పేర్కొని, పనిని చెప్పి, అదనంగా పడే శ్రమను చెప్పండి. "ప్రూఫ్ రీడర్లు ప్రతిసారీ ఒక మీట ఎక్కువ నొక్కాలి" అన్నది కుండ బద్దలు కొట్టినట్టు ఉంది. చదవగానే ప్రూఫ్ రీడర్‌కు కోపం రావచ్చు. రానివ్వండి. ముసాయిదా దశలో వచ్చిన కోపం రిలీజ్ తర్వాత వచ్చే కోపం కన్నా మేలు.

ఇంకో జాగ్రత్త. అసలు కారణం వేరే ఉంటే దాన్నీ రాయాలి. పాత సెర్చ్ కోడ్‌ను చూసుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మారుస్తున్నామా? అయితే అదే రాయండి. "వినియోగదారుల సౌలభ్యం కోసం" అని రాసి, కామెంట్లలో నిలదీశాక అసలు సంగతి చెబితే చల్లకొచ్చి ముంత దాచినట్టుంటుంది. వాలంటీర్లు నడిపే ప్రాజెక్టులో మనుషులు చాలకపోవడం గౌరవమైన కారణమే. దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

5. వద్దనుకున్న దారులను రాయండి, వాటి పక్షాన నిలబడి

పైథాన్ భాష మెరుగుదల ప్రతిపాదనల్లో (పొట్టిగా పెప్) 'తిరస్కరించిన ఆలోచనలు' అన్న భాగం ఉంటుంది. కారణం తేలికే. తర్వాత వచ్చినవాళ్లు అదే ఆలోచనను కొత్తదనుకుని మళ్లీ తెస్తారు, మళ్లీ మొదటి నుంచి వాదించాలి. రాసి ఉంటే ఒక లింకుతో పని అయిపోతుంది.

రాసేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ దారిని కోరుకునే మనిషి చదివి "నా వాదన సరిగ్గానే రాశారు" అనాలి. గడ్డిబొమ్మను నిలబెట్టి కొట్టినట్టు రాస్తే ఆయన తన వాదనను నాలుగు రెట్లు పొడవుగా వచ్చి రాస్తాడు.

మన నిఘంటువుకు నాలుగు దారులు కనిపిస్తాయి.

దాచిన డేటాలోంచే ఆ గుర్తును తీసేయడం: కోడ్ చాలా సులువవుతుంది, వేగంగానూ ఉంటుంది. కానీ తెరమీద పదం రూపమే మారిపోతుంది, సంపాదకులు కావాలని రాసింది పోతుంది, తిరిగి తేలేం.

టైప్ చేసిన పదం నుంచి సాధ్యమైన రూపాలన్నీ తయారుచేసి వెతకడం: ఇండెక్స్ ముట్టుకోనక్కర్లేదు, అది పెద్ద లాభం. కానీ ఒక పదంలో అలాంటి చోట్లు మూడుంటే ఎనిమిది రూపాలవుతాయి, నాలుగుంటే పదహారు.

సెట్టింగుల్లో పెట్టి, డిఫాల్ట్‌గా ఆపి ఉంచడం: ప్రూఫ్ రీడర్లకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆ గుర్తు గురించే తెలియని విద్యార్థి ఆ సెట్టింగ్ కోసం వెతకడు.

యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు రూపాలను ఒకటి చేసే పద్ధతి) చేస్తే సరిపోదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సరిపోదు. ఎన్‌ఎఫ్‌సీ ఈ గుర్తును ముట్టుకోదు. అడగకముందే పత్రంలో రాసిపెట్టండి.

రస్ట్‌లో 2019లో 'అవెయిట్' (ఒక పని పూర్తయ్యేదాకా ఆగమని చెప్పే మాట) ఏ రూపంలో రాయాలన్నదానిపై పెద్ద చర్చ నడిచింది. జట్టు పరిశీలనలో ఉన్న రూపాలన్నిటినీ, వాటి మంచిచెడ్డలనూ ఒక పత్రంలో పెట్టింది. చివరికి చుక్క పెట్టి పక్కన రాసే రూపం ఎంచుకుని, ఆ నవంబరులో 1.39 వెర్షన్‌లో ఇచ్చారు. అది నచ్చనివాళ్లు ఉన్నారు. కానీ తమకు నచ్చిన రూపాన్ని ఎందుకు వదిలారో వాళ్లకు చదువుకోవడానికి దొరికింది.

6. బెంగళూరు గదిలో తేలినది గదిలోనే ఉండిపోకూడదు

ఇది మన ఊరి జబ్బు. ముగ్గురు మెయింటెయినర్లు ఒకే నగరంలో ఉంటారు. శనివారం ఎక్కడో ఫిల్టర్ కాఫీ మీద కలుస్తారు, లేదా బ్యాంగ్‌పైపర్స్ మీటప్, ఇండియాఫాస్ లాంటి సభల దగ్గర కారిడార్‌లో నిలబడి మాట్లాడుకుంటారు. గంటలో విషయం తేలిపోతుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకు సోమవారం పుల్ రిక్వెస్ట్ చూశాక తెలుస్తుంది.

కలవడం తప్పు కాదు, నేనైతే కలవమనే అంటాను. ముఖాముఖిగా మాట్లాడితే సగం అపార్థాలు పుట్టవు. కానీ అక్కడ తేల్చకండి. ఆ రోజే, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నప్పుడైనా సరే, నాలుగు వాక్యాలు అందరికీ కనిపించే చోట రాయండి:

- ఎవరెవరం కలిశాం.
- ఏ దారి వైపు మొగ్గాం, ఎందుకు.
- ఏ ప్రశ్న తేలలేదు.
- "ఇది నిర్ణయం కాదు, ఫలానా తేదీ దాకా అందరి మాటా వింటాం."

రెండో జబ్బు మొహమాటం. సీనియర్ అన్న ఒకమాట అన్నాక జూనియర్లు నోరు మెదపరు. తర్వాత వాట్సాప్‌లో విడిగా "అన్నా, నాకెందుకో ఇది కరెక్ట్ కాదేమో అనిపిస్తోంది" అని మెసేజ్ వస్తుంది. దాన్ని అక్కడే సమాధానపరిచి వదిలేయొద్దు. "ఈ పాయింట్ బాగుంది తమ్ముడూ, పేరు లేకుండా నేను పత్రంలో పెట్టనా?" అని అడిగి, అభ్యంతరాల జాబితాలో చేర్చండి. సీనియర్ మెయింటెయినర్ అందరికన్నా చివర మాట్లాడితే ఇంకా మంచిది.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కోడ్ రాసేవాళ్ల పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, ఉండనివ్వండి. యాప్ వాడే టీచర్లకు, ప్రూఫ్ రీడర్లకు తెలుగులో విడిగా రాయండి. అందులో ఇండెక్స్ గురించిన పేరాలు అక్కర్లేదు. రెండు రూపాలు పక్కపక్కన కనిపించే ఒక స్క్రీన్‌షాట్, వాళ్ల పనిలో ఏం మారుతుంది, అభ్యంతరం ఎక్కడ చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి అన్నవి చాలు. తెలుగులో వచ్చిన అభ్యంతరాన్ని ఇంగ్లీషు పత్రంలోకి ఎక్కించే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. లేకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

7. గడువు, చివరి మాట

గడువు లేని చర్చ ఎక్కువసేపు కూర్చోగలిగినవాడికే అనుకూలం. రస్ట్‌లో చివరి వ్యాఖ్యల గడువు పది రోజులు. అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో సాధారణంగా కనీసం 72 గంటలు ఆగుతారు. వాలంటీర్ల ప్రాజెక్టుకు రెండు వారాంతాలు కలిసొచ్చేలా పెట్టడం నయం, ఉద్యోగాలున్నవాళ్లకు తీరిక దొరికేది అప్పుడే.

సంక్రాంతి వారంలో గడువు ముగిసేలా పెట్టకండి. సగం మంది బస్సుల్లో, రైళ్లలో ఉంటారు. తర్వాత "పండక్కి ఊరెళ్తే చూసి చేశారు" అన్న మాట వస్తుంది.

కాల్ పెట్టాలనుకుంటే బెంగళూరులో రాత్రి 8:30 బాగా కుదురుతుంది. డల్లాస్‌లో వేసవిలో అది ఉదయం 10 గంటలు. కాల్‌లో మాట్లాడినది కూడా ఆరో మెట్టులో చెప్పినట్టు రాసిపెట్టాల్సిందే.

తేల్చేది ఎవరన్నది మొదటి రోజే ప్రకటించండి: ఒక మెయింటెయినరా, ముగ్గురి కమిటీయా, ఓటా. ఒక్కరి మీదే భారం మొత్తం వేయకుండా చూడండి. పైథాన్‌లో పెప్ 572 మీద వాదన తర్వాత, 2018 జులైలో ఆ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ చివరి మాట తనదిగా ఉండే బాధ్యత నుంచే తప్పుకున్నారు. ఆ ప్రతిపాదనలో తిరస్కరించిన దారుల జాబితా చాలా పొడవుగానే ఉంది. పత్రం ఎంత బాగున్నా, ప్రతి బాణమూ ఒక్క మనిషికే తగులుతుంటే ఆ మనిషి అలసిపోతాడు. జవాబులు రాసే పనిని ఇద్దరు ముగ్గురు పంచుకోండి.

8. అభ్యంతరాలకు జవాబు చెప్పే పద్ధతి

వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ వెంటనే జవాబు రాయకండి. రోజుకు ఒకసారి కూర్చుని, ఒకే రకం వాటిని ఒకచోట చేర్చి, పత్రంలో వరుస సంఖ్యతో పెట్టండి. అయిదుగురు ఒకే మాట అంటే అది ఒక అభ్యంతరం. ఒకరే అన్నా కొత్త విషయమైతే అదీ ఒక అభ్యంతరమే.

ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2014లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 7282 ఈ విషయాన్ని బాగా తేటతెల్లం చేస్తుంది. ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి జవాబు ఇవ్వాలి, ప్రతిదానికీ తలొగ్గాల్సిన పనిలేదు. అంటే తలలు లెక్కపెట్టడం కాదు. వందమంది అవునన్నా, ఐదుగురు లేవనెత్తిన లోపానికి జవాబు లేకపోతే పని అయిపోనట్టే.

జవాబులు మూడు రకాలుగా ఉంటాయి.

*మీ మాట నిజం, మారుస్తున్నాం.* ఏ వాక్యం మారిందో చూపించండి. "పరిశీలిస్తాం" అనకండి.

*మీ మాట నిజం, అయినా మార్చం.* ఇది కష్టమైనది, ఎక్కువగా అవసరమైనదీ ఇదే. ప్రూఫ్ రీడర్‌కు ఇలా రాయొచ్చు: "మీకు ప్రతిసారీ ఒక మీట ఎక్కువ పడుతుందన్నది నిజమేనండీ. మీట స్థితిని యాప్ గుర్తుపెట్టుకునేలా చేయగలం, ఒకసారి నొక్కితే చాలు. డిఫాల్ట్‌ను మాత్రం ఎక్కువమంది విద్యార్థులకు అనుకూలంగానే ఉంచుతున్నాం." చూడండి, ఇక్కడ నిర్ణయం మారలేదు, ఆమె నష్టం తగ్గింది. వినడం వల్ల దొరికేది ఇదే.

*ఇది వేరే విషయం.* ఏ రూపం శుద్ధమైన తెలుగు అన్న చర్చ తప్పకుండా దూరుతుంది. దానికో కొత్త ఇష్యూ తెరిచి అక్కడికి పంపండి. పంపేసి మర్చిపోకండి.

కోపంగా రాసినవాళ్ల విషయంలో ఒక చిట్కా: వ్యాఖ్యలోంచి తిట్లను తీసేసి, మిగిలిన వాదనను మీ మాటల్లో రాసి, "మీరనేది ఇదేనా?" అని అడగండి. వాదన మిగలకపోతే అది ప్రవర్తన నియమావళి చూసుకునేవాళ్ల పని, మీది కాదు.

9. తుది నిర్ణయం ప్రకటించేటప్పుడు

ప్రకటన చిన్నదిగా ఉండాలి. పంపే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- మొదటి వాక్యంలోనే నిర్ణయం. ధన్యవాదాలు తర్వాత.
- ముసాయిదాకూ దీనికీ తేడా ఏమిటి, ఏ అభ్యంతరం వల్ల మారింది.
- ఒప్పుకోని అభ్యంతరాలు, ఒక్కోదానికి ఒక వాక్యం జవాబు.
- నష్టపోయేవాళ్లు చేయాల్సిన పని, ఏ వెర్షన్ నుంచి.
- ఎవరు తేల్చారు, తేదీ.
- మళ్లీ తెరవాలంటే ఏం చూపించాలి.

పత్రాన్ని రిపోజిటరీలోనే, కోడ్ పక్కన పెట్టండి. చాట్‌లో ఉన్నది రెండు నెలల్లో ఎక్కడో అడుగున పడిపోతుంది. కోడ్‌లో ఆ గుర్తును వదిలేసే వరుస పైన ఒక కామెంట్‌లో ఆ పత్రం సంఖ్య రాయండి. కొత్తగా వచ్చి "ఇదేదో బగ్‌లా ఉందే" అనుకున్నవాళ్లు ముందు అక్కడికి వెళ్తారు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మరమ్మతు

కోడ్ పూర్తయ్యాక అభిప్రాయం అడగడం. అప్పుడు అడిగేది అభిప్రాయం కాదు, ఆమోదం. అది జనానికి తెలుస్తుంది. ఇప్పటికే కోడ్ రాసేసి ఉంటే దాచకండి. "నమూనా రాసి చూశాం, పారేయడానికి సిద్ధమే" అని చెప్పండి. నిజంగా సిద్ధంగా ఉంటేనే.

ఓటు పెట్టి తప్పించుకోవడం. సమస్య అర్థం కాకముందే 'అవును, కాదు' పెడితే ఎవరి స్నేహితులు ఎక్కువమందో తెలుస్తుంది, అంతే. పొరపాటున పెట్టేసి ఉంటే దాన్ని సలహాగా మాత్రమే తీసుకుంటామని వెంటనే ప్రకటించండి.

పెద్ద ప్రాజెక్టు పేరు అడ్డం పెట్టుకోవడం. "ఫలానా కంపెనీ ఇలాగే చేస్తుంది" అన్నది కారణం కాదు. వాళ్లకు ఏ పరిస్థితిలో అది నప్పింది, మన పరిస్థితి దానికి ఎంత దగ్గర అన్నది రాస్తేనే కారణం.

మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం. రెండో మెట్టులో రాసుకున్న జాబితా తీయండి. నష్టపోయే ప్రతి వర్గం నుంచీ కనీసం ఒక్కరైనా మాట్లాడారా? లేకపోతే వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడగండి. డీటీపీ ఆపరేటర్ రిపోజిటరీలోకి రాడు, ఫోన్ చేయాలి.

చర్చ మధ్యలో పత్రాన్ని చప్పుడు లేకుండా మార్చడం. పాత వ్యాఖ్యలు అర్థం లేకుండా మిగిలిపోతాయి. పత్రం పైభాగంలో తేదీతో "ఇది మారింది" అని ఒక వరుస చేర్చండి.

11. తర్వాత నిర్ణయం మార్చాల్సి వస్తే

ఆరు నెలల తర్వాత ఒక భాషా పరిశోధకుడు వచ్చి, ఆ గుర్తు వల్ల అర్థం మారే పదాల జతలు పట్టుకొచ్చాడనుకోండి. మీరు రాసిన షరతు నెరవేరింది. ఇక "అప్పుడే తేలిపోయింది కదా" అనే హక్కు మీకు లేదు.

పాత పత్రాన్ని దిద్దకండి, తీసేయకండి. స్థితి దగ్గర "దీని స్థానంలో ఫలానా సంఖ్య పత్రం వచ్చింది" అని మాత్రం రాయండి. కొత్త పత్రం సమస్య భాగంలో మొదటి వాక్యంగా పాత నిర్ణయం నాటికి తెలియనిది ఇప్పుడేం తెలిసిందో చెప్పండి. మిగతా వరుసంతా మూడో మెట్టులోదే. అయితే నష్టం జాబితా తారుమారవుతుంది: ఈసారి విద్యార్థుల వెతుకులాట కాస్త కష్టమవుతుంది, పాత మార్పుకు తగ్గట్టు టెస్టులు మార్చుకున్న డెవలపర్ రెండోసారి మార్చుకోవాలి. అతని పేరు జాబితాలో మొదట రాయండి, ముసాయిదా బయటపెట్టే ముందు అతనికే మొదట కబురు పంపండి.